మా బావ పెట్టెలో బుచ్చమ్మ

మా బావ ధర్మారావు వారానికి మూడుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు. మిగిలిన రోజుల్లో ఊరందరి ఫోటోలూ వీడియోలూ మోస్తాడు. రెండింట్లో ఏది ఎక్కువ నీరసం అని అడిగితే ఊరిదే అంటాడు. నేను నమ్ముతాను. ఆసుపత్రిలో కనీసం మంచం ఇచ్చి పడుకోమంటారు.

మాది బారువ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. మా నీళ్లలో చేప తగ్గి చాలా ఏళ్లయింది. వయసులో ఉన్న మగవాళ్లు వానాకాలంలో రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ రేవుకి పోతారు. అక్కడి బోట్ల మీద పనిచేసి మళ్లీ మండు వేసవిలో తిరిగొస్తారు. ఈలోగా ఇక్కడ పెళ్లిళ్లయిపోతాయి, పిల్లలు పుట్టేస్తారు, ముసలివాళ్లు పోతారు. బావ కూడా అలా పోయినవాడే. తండేలుగా, అంటే బోటుకి పెద్దగా, చాలా ఏళ్లు చేశాడు. కూతురు ప్రవల్లిక పుట్టినప్పుడు లేడు, బడిలో చేరినప్పుడు లేడు, ఓణీల ఫంక్షన్ నాటికీ లేడు. కిడ్నీలు పాడయ్యాకే ఒడ్డున కూర్చున్నాడు. పనిలేని తండేలు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో మా అక్క మహాలక్ష్మిని అడగాలి. కూరలో ఉప్పు దగ్గర్నుంచి గోడ మీద బల్లి దాకా అన్నిటికీ ఆయన ఆజ్ఞలే.

"ఒరే తమ్ముడా, మీ బావకి ఏదైనా పని సూపించరా బాబూ. నేదంటే నానే ఎటైనా ఎల్లిపోతాను" అంది అక్క ఒకరోజు.

నేను సోంపేట హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అక్కడ మూతపడుతున్న ఒక ఫోటో స్టూడియోలో పాత కంప్యూటర్ దొరికితే తెచ్చి, పెద్ద హార్డ్ డిస్కులు వేసి, బావ ఇంట్లో ఒక మూలన పెట్టాను. ఇంట్లోనే సర్వర్ అన్నమాట. అందులో దాచినది ఏదైనా, పేరూ పాస్‌వర్డూ ఉన్నవాళ్లు ఎక్కడినుంచైనా ఫోన్లో చూసుకోవచ్చు. ప్రవల్లిక ఫంక్షన్ల సీడీలూ మెమరీ కార్డులూ అందులోకి ఎక్కించి, తను లేని రోజులన్నీ బావ తీరిగ్గా చూసుకుంటాడని నా ఆలోచన. చూసుకున్నాడు కూడా. కానీ ఆ సంగతి ఊరికి తెలిసిపోయింది.

ఇంకేముంది? పక్కింటి పసిబిడ్డ నూలుపోగు వేడుక దగ్గర్నుంచి చివరింటి పెళ్లి దాకా అందరి సీడీలూ వచ్చిపడ్డాయి. ఇంటింటికీ ఒక ఆల్బమ్. వెరావల్‌లో ఉన్నవాళ్లు రేవుకి రాగానే ఫోన్లు తెరిచి చూసుకుంటారు. సముద్రం మీద సిగ్నల్ ఉండదు కాబట్టి, బోటెక్కే ముందు నచ్చినవన్నీ ఫోన్లోకి దింపుకుంటారు. ఊరు దానికి 'ధర్మారావు పెట్టె' అని పేరు పెట్టింది. పేరు బాగానే ఉంది, చాకిరీ సంగతి అడగొద్దు. ఉప్పుగాలికి లోపలి ఫ్యాను తుప్పుపడుతుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ పెట్టెకే తప్ప మనుషులకి గాలి రాదు. ఒకావిడ వచ్చి, "అన్నా, ఆ ఈడియోలో మా అత్త మాటలు తీసీ" అంటుంది. ఆ వెనకే అత్త వస్తుంది. డయాలసిస్ అయిన రోజు బావ గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుంటే, గుమ్మంలో ఎవరో మెమరీ కార్డు పట్టుకుని నిలబడి ఉంటారు. ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యి చాపుతాడు. చూస్తే నాకే విసుగొచ్చేది. అంటగట్టింది నేనే కాబట్టి నోరు మూసుకునేవాణ్ణి.

మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. వేటకి పోయినవాడికి చావు కబురు చెప్పరు. కబురు చెవిన పడినప్పటి నుంచే మైల లెక్క. మైలపడ్డవాడు బోటెక్కకూడదు. పరాయి రేవులో ఆ కబురు వింటే, వాడు మైల తీరేదాకా ఏ గదిలోనో ఒంటరిగా కూర్చోవాలి, లేదా రోజుల తరబడి రైల్లో ఏడుస్తూ రావాలి. వచ్చేసరికి ఇక్కడ బూడిద కూడా మిగలదు. అందుకే సీజను అయ్యి ఊళ్లో దిగాకే చెబుతారు. బావకీ అలాగే చెప్పారు. తండ్రి కోసమని శాలువా కొనుక్కుని వస్తే, గోడ మీద ఫోటోకి వేసిన దండ అప్పటికే ఎండిపోయి ఉంది. ఆ శాలువా ఎవరికిచ్చాడో నేను అడగలేదు.

మొన్న మాఘంలో బావ అక్క బుచ్చమ్మ పోయింది. మధ్యాహ్నం వేళ ఇసకలో ఆరబెట్టిన చేపలు ఎత్తుతూ ఎత్తుతూ కూలబడింది. మళ్లీ లేవలేదు. భర్త ఎప్పుడో పోయాడు. ఉన్నది ఒక్కడే కొడుకు, శ్రీను. వాడు వెరావల్ నుంచి సముద్రం మీదకి పోయి ఉన్నాడు. పాలివాళ్లలో ఒకడు తలకొరివి పెట్టాడు. బావ ఆ ఎండలో ఫోన్ పట్టుకుని మొదటినుంచి చివరిదాకా వీడియో తీశాడు. కొడుకు ఎప్పటికైనా చూసుకోవాలి కదా అన్నాడు. దాన్ని ఎవరికీ కనపడకుండా పెట్టెలో దాచాడు.

"శీనుగాడికి సెప్పీసేద్దాం" అన్నాడు బావ, శ్మశానం నుంచి వచ్చి కూర్చున్నాక.

పెద్దలు ఒప్పుకోలేదు. "నీకు సెప్పేమేటి? ఆడికీ అంతే" అన్నాడొకాయన. బావ వదిలేశాడు. ఒప్పుకుని కాదు, వాదించే ఓపిక లేక.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. వెనకటి రోజుల్లో దాచడం తేలిక, ఫోన్లు లేవు. శ్రీను రేవుకి రాగానే బావకే ఫోన్ చేసి, "మావా, అమ్మకియ్యి" అంటాడు. బుచ్చమ్మకి సొంత ఫోన్ లేదు, వాడు రేవుకి వచ్చినప్పుడల్లా ఇక్కడికే వచ్చి ఫోన్లో కొడుకుని తిట్టి పోయేది. ఇప్పుడేం చెప్పాలి? "గొంతు పూడుకుపోనాదిరా. కొన్నాల్లు మాటాడొద్దన్నాడు డాట్రు" అన్నాడు బావ. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. చెబుతున్నంతసేపూ గోడకేసి చూశాడు.

"అయితే ఈడియో ఎట్టు" అన్నాడు శ్రీను.

అలా మొదలైంది. పెట్టెలో ఉన్న బుచ్చమ్మ పాత వీడియోల్లోంచి ఒకటి తీసి, కొత్తదన్నట్టు వాడి ఆల్బమ్‌లో పెట్టాడు. రేవుకి వచ్చినప్పుడల్లా ఒకటి. వలలు బాగుచేస్తున్న బుచ్చమ్మ. మేకని అదిలిస్తున్న బుచ్చమ్మ. ఆవిడకి కెమెరా అంటే మంట, చాలావాటిలో వీపే కనిపిస్తుంది. పెట్టిన ప్రతిసారీ బావ ముఖం నల్లబడిపోయేది. సొంత అక్కకి ఏడవాల్సిన మనిషి, ఆమె బతికే ఉందని సాక్ష్యాలు పుట్టిస్తూ కూర్చున్నాడు. అది చూసి నాకు ఊరి మీదా, ఆ పద్ధతి మీదా, నేను తెచ్చిన పెట్టె మీదా ఒకేసారి కోపమొచ్చింది.

ఒక ఆదివారం ఉదయం నేను అక్కడుండగానే శ్రీను ఫోన్ చేశాడు. బావ స్పీకర్ పెట్టాడు, ఫోన్ చెవి దగ్గర పట్టుకుంటే చెయ్యి లాగుతుందని.

"మావా, పక్కనెవులున్నారు?"

"మా బామ్మర్ది మాస్టారొక్కడే. సెప్పు."

"మా అమ్మ నేదు కదా?"

బావ నాకేసి చూశాడు. నేను కిందకి చూశాను.

"గొంతు పోతే ఊరుకునే మనిసేటి మావా మా అమ్మ? సేతుల్తో అయినా తిట్టీది. నువ్వు అలా సెప్పినప్పుడే తెలిసిపోనాది." వాడి గొంతు బాగానే ఉంది. అలా బాగుండడమే భయమేసింది. "ఆ సాయంత్రమే జెట్టీ కాడ కుళాయి కింద తలకి పోసుకున్నాను. ఎవులైనా అడిగితే ఉక్కపోత అన్నాను."

"సెప్పకపోవడం నా తప్పేరా" అన్నాడు బావ.

"తప్పేటి నేదు. నాకు తెలిసినట్టు మాత్రం ఎవులికీ సెప్పకు. తెలిస్తే తండేలు దించీస్తాడు. గదిలో ఒక్కణ్ణే కూకుంటే సచ్చిపోతాను మావా. బోటు మీదైతే పనుంటాది. నువ్వు అమ్మ ఈడియోలు ఏత్తానే ఉండు. ఆగిపోతే ఈల్లకి అనుమానం వస్తాది."

"దహనం కాడ తీసింది కూడా ఉన్నాదిరా. నీకోసవే..."

"ఇప్పుడొద్దు. ఒడ్డుకొచ్చాక సూత్తాను" అని పెట్టేశాడు.

ఆ తర్వాత వారం తిరక్కుండానే వాడి తండేలు అప్పన్న ఫోన్ చేశాడు. అప్పన్నా మా ఊరివాడే. గొంతు తగ్గించి, "ధర్మన్నా, బుచ్చమ్మత్త సంగతి మా ఆడది సెప్పీసింది. ఇక్కడ అందరికీ తెలుసు. శీనుగాడికొక్కడికే తెలీదు, నువ్వు సెప్పకు. ఆడు ఈడియో సూపించినప్పుడల్లా మీ అమ్మ బాగుందిరా, కాత్త ఒల్లు సేసింది అంటన్నాం. ఆడు నవ్వుతున్నాడు" అన్నాడు.

బావ ఫోన్ కింద పెట్టాడు. అంత సముద్రంలో ఒక చిన్న బోటు. కొడుకు వాళ్లకి తెలియకూడదని నవ్వుతున్నాడు, వాళ్లు కొడుక్కి తెలియకూడదని మెచ్చుకుంటున్నారు. ఒకరి గుట్టు ఒకరికి చెప్పకుండా ఇద్దరిదీ మోయాల్సింది ఈయన. "అందరూ నన్నే నమ్ముతారేట్రా" అన్నాడు. గర్వంగా కాదు. మూట దించుకోవడానికి అరుగు దొరకని మనిషి అన్నట్టు అన్నాడు.

సీజను ఇంకా మిగిలి ఉంది. బుచ్చమ్మ వీడియోలు మాత్రం అయిపోయాయి. పెట్టినవే పెడితే బోటులో వాళ్లు పట్టేస్తారు. పెట్టెలో ముఖాలు గుర్తుపట్టే ఏర్పాటు ఉంది గానీ, అది ముందు వరసలో నవ్వుతూ నిలబడ్డవాళ్లకే పనికొస్తుంది. ఫోటో తీస్తుంటే పక్కకి తప్పుకునే బుచ్చమ్మ దానికి దొరకలేదు. అప్పుడు బావ ఊరి పెళ్లిళ్లు వరసగా తెరిచాడు.

పెళ్లి వీడియో పూర్తిగా చూసినవాణ్ణి పెళ్లికొడుకుల్లోనే నేనింతవరకూ ఎరగను. ఈయన అవన్నీ చూశాడు. డయాలసిస్ లేని రోజుల్లో పొద్దున్నే కూర్చుని, తలంబ్రాలు, అప్పగింతలు, తెర మీద గిరగిరా తిరిగే పూల బొమ్మలు, అన్నీ దాటుకుంటూ, వెనక వరసల్లో ఆకుపచ్చ చీర కోసం వెతికాడు. బుచ్చమ్మకి ఫంక్షన్లకి కట్టుకునే చీర అదొక్కటే. కళ్లు మండితే తడిగుడ్డ వేసుకుని కాసేపు పడుకునేవాడు. "ఒదిలేయ్ బావా, నీ ఒంట్లో ఏముందని" అన్నాను. "ఇంకేటి సేత్తాను?" అన్నాడు. అక్క మాత్రం మొదటిసారి పెట్టెని తిట్టడం మాని, ఆయన పక్కన కూర్చుని వెతకడం మొదలెట్టింది.

దొరికింది అక్కకే. మా ఊరి మన్మథరావు కూతురి పెళ్లి ఊరేగింపులో. ముందు బ్యాండు మేళం, కుర్రకారు గంతులు, కెమెరా అంతా వాళ్ల మీదే. చిట్టచివర, జనరేటర్ బండి పక్కన, ఎవరూ చూడటం లేదనుకుని బుచ్చమ్మ ఆడుతోంది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చెయ్యి గాల్లో తిప్పుతూ, పెదాలు బిగబట్టి. చెంబు దొంగిలించినట్టు ఒకసారి అటూ ఇటూ చూసి, మళ్లీ నాలుగడుగులు వేసింది. తర్వాత పైట సర్దుకుని ఏమీ ఎరగనట్టు నడిచిపోయింది.

"మా అక్క ఆడతాదా?" అన్నాడు బావ. ఆయనకీ తెలియదు. మన్మథరావు కూతురి పెళ్లినాటికి ఆయన ఇంకా వెరావల్‌లోనే ఉన్నాడు. అప్పుడు ఏడ్చాడు. ఇన్ని రోజులకి ఇప్పుడు, నా ముందూ అక్క ముందూ సిగ్గుపడకుండా ఏడ్చాడు. మేమిద్దరం ఆపలేదు.

ముఖం కడుక్కుని వచ్చి, ఆ ముక్క వరకూ కత్తిరించి శ్రీను ఆల్బమ్‌లో పెట్టాడు. బోటు రేవుకొచ్చిన రోజు మధ్యాహ్నం వాడి ఫోన్ వచ్చింది. వెనక హార్బరు గోల, ఐసు పగలగొడుతున్న చప్పుడు.

"మావా."

"ఏట్రా?"

"మల్లీ పాతదే కొత్తదని పెడతావనుకున్నాను. నానెప్పుడూ సూడనేదు ఇది." వాడి గొంతు ఈసారి బాగాలేదు. "ఇది కొత్తదే మావా."

బావ ఫోన్ అలాగే ఉంచి, ఇంకో పెళ్లి వీడియో తెరిచాడు.