పిలువని ఇంటికి పోయిన మా అత్త

మా మేనత్త పోయింది. లింగంపేట నుంచి వచ్చిన మనిషి మా ఎల్లారెడ్డి ఇంటి ముందట నిలబడి తలకున్న తువ్వాల తీసి చంకల పెట్టుకున్నడు. చావు కబురు తెచ్చినోళ్లే అట్ల నిలబడ్తరు. "మీ అత్త కాలం చేసిందమ్మా. చలిజ్వరం. నిన్న పొద్దుగూకకముందే అంతా అయిపోయింది" అన్నడు. అంతా అంటే దహనం గూడ. నాకు కడసారి చూపు దక్కలే.

ఆమె గురించి రాద్దామని కూసుంటే ఏడుపుకంటే ముందు కోపమొస్తుంది. ఎవరి మీదనో తెల్వదు. మా వాళ్ల మీద వస్తది, దేవుని మీద గూడ వస్తది. ఆమె ఉంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "దేవుని మీద కోపం చేస్తే చెయ్యిగని, మాటలు బందు పెట్టకు బిడ్డా" అనేది.

నా పుట్టిల్లు రామారెడ్డి, నన్నిచ్చింది ఎల్లారెడ్డికి; మా అమ్మ పుట్టిల్లు లింగంపేట. రెండిండ్లకు కుండమార్పిడి పెండ్లిండ్లు జరిగినయి. మా అమ్మను బాపుకిచ్చిండ్రు, బాపు చెల్లెను మా అమ్మ అన్నకిచ్చిండ్రు. ఒక్క పందిట్లనే రెండు జంటలు. అట్ల ఆమె నాకు రెండు దిక్కులా అత్తనే.

నాకు ఏడో ఏడు నడుస్తుండంగ మా అమ్మ జ్వరంతోని పోయింది. అత్త ఏడ్సుకుంట వచ్చి దినాల దాక మా ఇంట్లనే ఉన్నది. దినాలైనంక చుట్టాలు వచ్చి, దుఃఖపడ్డోళ్లను తమ ఇంటికి తీస్కపోయి ఒక రాత్రి నిద్ర చేపిస్తరు. మా దిక్కు అది తప్పదు. మరి ఇక్కడ దుఃఖపడ్డది ఎవరు? "ఆడిబిడ్డ పోయింది మాకు, వాళ్లే వచ్చి పిలువాలె" అని లింగంపేటోళ్లు కూసున్నరు. "ఇల్లాలు పోయింది నాకు, వాళ్లే వచ్చి పిలువాలె" అని బాపు కూసున్నడు. ఎవరూ కదలలే. పిలుపు రాకుండ చెల్లెను ఎట్ల దింపుదునని బాపు అత్తను పంపలే. ఉంచుకున్నోళ్లే దింపాలెనని అత్త మొగడు, మా మామ, రాలే. తూ, ఏం పౌరుషాలో! మనిషి పోయిన దుఃఖం ఒక దిక్కున్నది, ఈ పట్టింపులొక దిక్కాయె.

నడుమ ఆగమైంది అత్త. నాలుగు పొద్దులకని వచ్చిన మనిషి మా ఇంట్లనే నిలిచిపోయింది. నా తల దువ్వింది, నాకు రొట్టె తుంచి పెట్టింది, నేను అలిగితే బతిమాలింది. లింగంపేట నుంచి వచ్చే కామారెడ్డి తొవ్వ మీద బండి గంటలు వినపడితే చాలు, చేతిల పని విడిచి మొఖం కడుక్కునేది, కుంకుమ సవరించుకునేది. "ఏందే, మొగడొస్తుండా?" అని వాడకట్టు ఆడోళ్లు నవ్వేటోళ్లు. "ఊకోండ్రి, చెమట పట్టిందని కడుక్కున్న" అనేది. బండి ఆగకుండ ముంగటికి పోయేది. ఆమె మళ్ల పిండి పిసుకుడు మొదలు పెట్టేది.

మామ ఇంకో పెండ్లి చేసుకున్నడని గాజులామె వచ్చి చెప్పిన పొద్దు నాకు మంచిగ యాదికున్నది. అత్త జొన్నలు ఇసురుతున్నది. విన్నది, ఇసురుడు ఆపలే. గింజలు దబదబ పోసి తిప్పుతనే ఉన్నది. పిండి నూకనూకగ పడ్డది. గాజులామె పోయినంక లేచి కొట్టంలకు పోయి, బర్రె పక్కన కూసుండి ఏడ్చింది. నేను పోయి ఆమె కొంగు పట్టుకున్న.

"అత్తా, రోజూ దండం పెడ్తవు గద, నీ దేవుడేం చేస్తుండు?" అని అడిగిన.

ముక్కు తుడుచుకున్నది. "నాకేమెరుక బిడ్డా. మీ అమ్మను ఎందుకు తీస్కపోయిండో తెల్వదు. నన్నెందుకు ఈడ కూసోబెట్టిండో తెల్వదు. తెలుసని చెప్పేటోళ్ల మాట నువ్వు నమ్మకు. నాకు తెల్వకుంటే ఏమాయె, ఆయనకు తెలిస్తే సాలు" అన్నది. అని, మళ్ల ఏడ్చింది.

ఆ మాట మీదనే ఆమె బతుకంతా నడిచింది. వానలు మొఖం చాటేసినా, మొలక మాడినా, "కానీయ్ తండ్రీ, నువ్వైతే చూస్తున్నవు గద" అని పైకి చూసి మళ్ల పనిల పడేది. ఆ మాట నిబ్బరంగ అనేదనుకునేరు, కాదు. ఒక్కోసారి అనుకుంటనే కొంగుతోని కండ్లు తుడుచుకునేది. నన్ను పెంచుడే దేవుడు తనకిచ్చిన పనేమో అని ఒకటి రెండు సార్లు అన్నది గని, ఆ మాట అన్నంక గూడ తొవ్వ దిక్కు చూసేది. ఇల్లు అంటే ఆమెకు లింగంపేట ఇల్లే. ఒక్కసారి ఎవరన్న వచ్చి "దా, పోదాం" అంటే చాలనుకున్నది. నా పెండ్లికన్న మేనమామ రాకపోతడా అని నేను గూడ ఆశపడ్డ. రాలే. మేనమామ తేవలసిన బట్టలు అత్తనే నేతగాని దగ్గర తెచ్చి నా మీద కప్పింది.

పోయినేడు నేను పుట్టింట్ల ఉన్నప్పుడు లింగంపేట కబురొకటి చెవుల పడ్డది. మామ రెండో భార్య, నాకు చిన్నత్త, కాన్పైనకాన్నుంచి మంచం దిగుతలేదట. ముగ్గురు పిల్లలు. చూసేటోళ్లు లేరు. అసలే దేశాల నడుమ లడాయి రోజులు, బియ్యం గూడ సరిగ దొరుకుతలేవు. అత్త నాట్లకు పోయి అప్పుడే వచ్చింది. కాళ్లు కడుక్కొని బాపు ముందట నిలబడ్డది.

"అన్నా, నేను పోతున్న."

"పిలువని ఇంటికి పోతవా? ఇజ్జత్ ఉన్నదా లేదా నీకు?" అని బాపు గయ్యిమన్నడు.

"ఇజ్జత్ చూసుకుంటనే నా ఈడంతా పాయె అన్నా. మీరు ఎవరు ముందు పిలువాలెనని ఇంకా కూసున్నరు. నాకైతే పిలుపు అందింది. ఇది దేవుని పిలుపు కాకుంటే ఇంకేంది?"

మూట చంకల పెట్టుకొని ఆమె నడుస్తుంటే ఊరి బయటి దాక నేను ఎంట పోయిన.

"వాళ్లు వాకిట్లనే నిలబెడితే?" అన్న.

"నిలబెడితే నిలబడ్త."

"భయం అయితలేదా అత్తా?"

"అయితుంది బిడ్డా. దేవుణ్ని నమ్మినోళ్లకు భయం ఉండదని ఎవరన్నరు?" అన్నది. నా గదుమ పట్టుకొని ముద్దు పెట్టుకున్నది. అదే నేను ఆమెను ఆఖరుసారి చూసుడు.

అత్త పోయిన కబురు విన్నంక ముసురుల తడుసుకుంట లింగంపేటకు పోయిన. బాపు అప్పటికే వచ్చి ఉన్నడు. బాపు, మామ ఒక్కటే అరుగు మీద చెరొక కొసకు కూసున్నరు. ఎవరు ముందు మాట్లాడాలెనని ఇంకా చూస్తున్నరు కావచ్చు. నాకు ఒళ్లు మండింది. ఇద్దరి దిక్కు చూడకుండ లోపలికి పోయిన.

చిన్నత్త నన్ను పట్టుకొని ఏడ్చింది. నాకంటే నాలుగైదేండ్లు పెద్దది కావచ్చు, బక్కగ ఉన్నది. "అక్క వచ్చిన్నాడు నేను లేవలేకపోయిన. ఈయన తల దించుకొని నిలబడ్డడు గని, లోపలికి రమ్మని ఒక్క మాట అనలే. ఆమెనే పొయ్యి దగ్గరికి పోయి గంజి కాచింది" అని చెప్పింది. "నా మలం గూడ ఎత్తిపోసింది. కడగొట్టు పిల్లను రొమ్ము మీద ఏసుకొని పండేది. తన బట్టల మూట మాత్రం అరుగు మీదనే పెట్టుకున్నది. లోపల పెట్టుకో అక్కా అంటే, 'నేను చుట్టపామెను, పొమ్మన్ననాడు పోవాలె గద' అన్నది."

"మరి నువ్వేమన్నవు?" అని అడిగిన.

"నాకు లేవొచ్చిన తెల్లారే ఆ మూట నేనే ఇప్పిన. ఉన్నయి రెండు చీరెలు. తెచ్చి లోపలి అర్రల దండెం మీద, నా చీరెల పక్కన ఏసిన. ఇల్లు నీది అక్కా, నేనే ఎనక వచ్చినదాన్ని అన్న. ఆ దినం అక్క ఎంతసేపు ఏడ్చిందో! ఏడ్చి, లేచి, దేవునికి దీపం పెట్టింది."

అంతల చాకలామె వాకిట్లకు వచ్చింది. పోయినోళ్ల బట్టలు ఆమెకే ఇయ్యాలె. చిన్నత్త కదలలే. "ఇంకో దినం రా అవ్వా" అన్నది.

నేను అర్రలకు పోయిన. దండెం మీద చిన్నత్త చీరెల నడుమ అత్త నీలం చీరె ఉన్నది. జ్వరం వచ్చిన పొద్దు తానే ఉతికి ఆరేసుకున్నదట. కొంగు పట్టుకొని చూసిన. ముసురుకు ఇంకా ఆరలే.