రెండో ప్లేటు

మా చెల్లెలు కాలుగాలిన పిల్లి. అన్నం తింటూ మూడుసార్లు లేస్తుంది. సినిమాకు తీసుకెళితే సగం సినిమా బయటే చూస్తుంది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి: కేన్సర్ కణాలకు తిండి పెట్టడం! మందులు పరీక్షించే ల్యాబులో ప్లాస్టిక్ ప్లేట్లలో ఆ కణాలను పెంచుతారు. రెండు రోజులకోసారి పాత ద్రవం తీసేసి, గులాబీ రంగు ద్రవం కొత్తగా పోయాలి. ఆదివారమైనా, ఒళ్లు కాలిపోతున్నా తప్పదు. పదకొండేళ్లలో ఒక్కసారి మానలేదు.

"పసిపిల్లలకన్నా పెంకివక్కా, ఒక్కరోజు ఆలస్యమైతే అలుగుతాయి" అనేది. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం.

నాకు రొమ్ము కేన్సర్ అని తేలాక ఆ నవ్వు పోయింది. "నిన్ను తినేదానికి నేనే ముద్దలు కలిపి పెడుతున్నట్టుంది" అని నా మంచం చివర కూర్చుని ఏడ్చింది. కూర్చోవడమంటే ఎంతసేపు? రెండు నిమిషాలు. మళ్లీ లేచి, సర్దిన మందులే సర్దింది.

రెండు కీమోలయ్యాయి. జుట్టు పోయింది, నోరు పూసింది, మంచినీళ్లు తాగినా వాంతే. మూడోది గురువారం. ఆ తేదీ కనపడకుండా క్యాలెండరు తిప్పి పెట్టాను. మంగళవారం మధ్యాహ్నం చెల్లెలు ఫోను చేసింది.

"అక్కా, చచ్చాయి!"

"ఎవరే? ఎవరు పోయారు?"

"మనుషులు కాదక్కా, నీ జబ్బు కణాలు! అల్లంలోంచి తీసిన ఘాటు పదార్థం వేశాం. ప్లేటు ప్లేటంతా తుడిచిపెట్టుకుపోయింది!"

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. వెంటనే కిలో అల్లం తెప్పించాను. దంచి, మరిగించి, పూటకో గ్లాసు తాగాను. గొంతు మండిపోతుంటే జబ్బే మండిపోతోందని సంబరపడ్డాను. గురువారం జ్వరమని అబద్ధమాడి ఆసుపత్రికి ఎగనామం పెట్టాను. చెల్లెలికి చెబితే ముందు నసిగింది. చివరికి "ఒక్క వారం ఆలస్యమేగా" అంది. దానికీ నమ్మాలనే ఉంది మరి.

శుక్రవారం పట్టపగలు ఆపకుండా కాలింగ్ బెల్. తలుపు తీస్తే చెల్లెలు. ఒక చేతికి ల్యాబు గ్లవుజు అలాగే ఉంది.

"అక్కా, నేను రెండో ప్లేటు చూడలేదు."

అల్లం పదార్థం నీళ్లలో సరిగా కరగదట. ఒక రసాయనంలో కరిగించి పోస్తారట. పక్కనే రెండో ప్లేటులో అల్లం లేకుండా ఉత్త రసాయనమే పోస్తారు. అందులో కణాలు బతికుండాలి. అప్పుడే మొదటి ప్లేటులో వాటిని చంపింది అల్లమని తేలుతుంది. పదకొండేళ్లుగా రెండూ చూసిగానీ నోరు విప్పని మనిషి, నామీది ఆత్రంకొద్దీ మొదటిది చూసి ఫోను అందుకుంది. రసాయనం పదింతలు పోసేసిందట. రెండో ప్లేటులోనూ అన్నీ చచ్చి తేలాయి.

"నీ తొందర తగలెయ్య! మూడు రోజులు గొంతు కాల్చుకున్నానే!"

"తిట్టు, కొట్టు. కానీ ముందు ఆసుపత్రికి పద."

"అయితే అల్లం ఉత్తదేనా?"

"ఉత్తదని ఎవరన్నారు? సరిగ్గా కొలిచి మళ్లీ చేస్తాం, ఏదో ఒకటి తేలుతుంది. కానీ ప్లేటులో చచ్చినంత మాత్రాన ఒంట్లో చావాలని లేదు. నువ్వు తాగింది అక్కడిదాకా చేరుతుందో లేదో కూడా తెలీదు. నువ్వు ప్లేటువి కాదక్కా!"

నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. నిజం చెప్పొద్దూ, అల్లం మీద నమ్మకంకన్నా కీమో ఎక్కించే ఆ కుర్చీ అంటే భయమే ఎక్కువ.

"భయమేస్తోందే" అన్నాను.

"నాకూ" అంది.

శనివారం పొద్దున్నే మూడో కీమో మొదలుపెట్టారు. నాలుగు గంటలు పడుతుందంది నర్సు. చెల్లెలు స్టూలు లాక్కుని, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇదిగో లేస్తుంది, అదిగో లేస్తుంది అని చూస్తున్నాను. గంటయింది. రెండు గంటలయ్యాయి. "వెళ్లి ఏదైనా తినిరండమ్మా" అని నర్సు రెండుసార్లు చెప్పింది. కదల్లేదు. పాదం మాత్రం టకటకా ఆడుతూనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"ఏమే, ఇవాళ నీ కణాలకి తిండి పెట్టే రోజు కదూ?"

"అవును."

"మరి?"

నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇవాళ వాటికి పస్తే" అంది.