రాణి వేషం కట్టే లెక్కల మాస్టరు

ఎనభైల చివరి ఏళ్ళలో నన్ను పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా కోలారు బంగారు గనుల ప్రాంతానికి వేశారు. గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికే చాలా కాలమైంది. సర్కారు బడిలో ఏ మాస్టరు మీద అర్జీ వచ్చినా విచారణకు పోవలసింది నేనే.

క్యాసంబళ్ళి దాపున ఒక హైస్కూల్లో లెక్కల మాస్టరు వెంకటరమణ మీద అర్జీ వచ్చింది. పెట్టినవాడు బడి అభివృద్ధి సంఘం అధ్యక్షుడు నంజుండప్ప. ఊళ్ళో ధాన్యం మండీ ఆయనదే. మాస్టరు పెళ్ళి చేసుకోలేదు. గనిలో పనిచేసే స్నేహితుడితో, ఆ స్నేహితుడికిచ్చిన గని క్వార్టర్లోనే కాపురముంటూ, రోజూ బస్సులో బడికి వచ్చేవాడు. అది ఊరంతటికీ ఏనాటినుంచో తెలుసు. తన మేనకోడలిని ఇస్తానంటే మాస్టరు వద్దన్న తరవాతే నంజుండప్పకు నీతి గుర్తొచ్చింది.

నిబంధన ప్రకారం ముందు అర్జీదారు వాఙ్మూలం తీసుకోవాలి. మాస్టరు చేసిన తప్పేమిటని అడిగాను.

"పాఠం బాగానే చెప్తాడు సార్. ఇంగ ఆ నడక ఉండాదే, ఆడోళ్ళ నడక, అది చూసి పిల్లోళ్ళు చెడిపోతారు," అన్నాడు.

మరి ఏటా జాతర నాటకంలో రాణి వేషం ఎవరు కడతారన్నాను. ఆయన మీసం దువ్వుకున్నాడు. ఆ వేషం మాస్టరుదే, తొలి దండ వేసేది ఈ పెద్దమనిషే. అదే నడక స్టేజీ మీద కళ, బడి వరండాలో రోగం. ఏ రోటి దగ్గర ఆ పాట పాడేవాళ్ళకు సిగ్గుండదు.

తప్పేమీ లేదని నివేదిక పంపాను. పై అధికారి దాన్ని చదివినట్టు లేదు. 'ప్రజాహితం దృష్ట్యా' బదిలీ ఉత్తరువు వచ్చింది, జిల్లా అవతలి కొసన లక్కూరు వైపుకు. ప్రజాహితమన్న ఆ ఒక్క మాట రాస్తే ఇక కారణం రాయనక్కరలేదు. అక్కడినుంచి రోజూ గనుల క్వార్టరుకు తిరిగి రావడం కుదరదు. ఆ ఇద్దరి కాపురం మీద కొట్టిన దెబ్బ అది.

మాస్టరును రిలీవ్ చేసే రోజు నేను బడిలోనే ఉన్నాను. నంజుండప్ప చేతులు నులుముకుంటూ వచ్చాడు.

"సార్, జాతర అయ్యేదాకా ఆ ఆర్డరు నిలపండి. ఆ వేషం ఇంగొకనికి రాదు."

నాకు అసహ్యం వేసింది. మాస్టరు వైపు చూశాను. ఆయన సంచి భుజాన వేసుకున్నాడు.

"నా నడక బాగలేదంటిరి గదప్పా," అన్నాడు మెల్లగా. "ఆ నడకతోనే పోతా ఉండాను."

ఆ ఏడు రాణి లేకుండానే నాటకం ఆడారట. రాజు ఒక్కడే తన పద్యాలు పాడుకున్నాడట.

అప్పటినుంచి అర్జీ వచ్చినప్పుడల్లా మాస్టరు ఏం చేశాడన్నది ఒక్కటే అడిగి ఊరుకోలేదు. అర్జీదారు అదే పనికి ఎక్కడ చప్పట్లు కొడుతున్నాడో కూడా అడిగాను. విచారణలు తొందరగా ముగిసేవి. బదిలీలు మాత్రం ఆగలేదు.