చెయ్యి ఆనితేనే మాట

హెప్సిబా ఏ వస్తువు గురించి చెప్పినా దాన్ని ముట్టుకునే చెప్పేది. ఎల్‌బీ నగర్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో ఆమె పదిహేనేళ్లుగా ఆయా. దూదిచుట్టను అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసి, "గిది మూడు దినాలే వస్తది" అన్నదంటే, నాలుగో రోజుకు డబ్బా ఖాళీ అన్నమాటే.

స్టోరు చూసే పెద్దాయన రిటైరవుతూ తన కుర్చీకి హెప్సిబా పేరు చెప్పి వెళ్లాడు. ఆమెకూ ఆ కుర్చీ కావాలి. మోకాళ్లు అరిగాయి, ఇంకో ఏడాది బకెట్ మోయలేనని ఆమెకు తెలుసు. అడ్డమల్లా ఒక్కటే. కొత్త మేనేజరు చక్రపాణి మద్రాసులో పుట్టి పెరిగిన మనిషి, తెలుగు రాదు. నెల తిరిగేలోగా ఆయన ముందు కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడాలి.

అలా ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో మిఠాయి దుకాణం మీద గదిలో భానుమూర్తి మాస్టారి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరింది. ఆయనది భీమవరం. బెంచీల మీద ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలు, చివర గోడవారగా నలభై రెండేళ్ల హెప్సిబా. పిల్లలు గడగడా చదివేవి ఆమె నోటికి వచ్చేవి కావు. "దీజ్ మిల్క్" అనేది. పిల్లలు నవ్వేవారు.

"దిస్ మిల్క్ అనాలమ్మా" అనేవాడాయన.

"పాలు పొంగినయ్ అంటం, పొంగింది అంటమా సార్? నీళ్లు గంతే, బియ్యం గంతే. గన్ని ఉన్నంక ఒక్కటెట్ల అయితది?"

భానుమూర్తికి ఆ ప్రశ్న నచ్చింది. అచ్చమైన తెలుగు మనిషి మాత్రమే చేయగల తప్పది. జవాబు మర్నాడు చెబుతానన్నాడు. ఆ మర్నాడు రానేలేదు. రెండువేల పదకొండు అది. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది, బస్సులు డిపోలు దాటలేదు. మాస్టారు గదికి తాళం వేసి ఇంట్లో కూర్చున్నాడు.

ఇంటర్వ్యూకి వారం ఉందనగా ఆమె ఫోన్ చేసింది.

"సార్, ఆదివారం మా జంక్షన్ల వంటా వార్పు. రోడ్డు మీదనే వండుడు, తినుడు. నేను పొయ్యికాడనే ఉంట. గా జవాబు జెప్పనీకి జర మీరే రారాదు?"

"నేనా? అక్కడికా? నా మాట వింటే ఏ ఊరో తెలిసిపోదూ!"

"తెలిస్తే ఏమైతది? ఆకలైతదని తెలుస్తది."

ఆయన వెళ్లాడు, చొక్కా జేబులో చాక్‌పీసు పెట్టుకుని మరీ. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద డేగిశాలు, జెండాలు, డప్పులు. ఆ పొగ మధ్య కొంగు బిగించిన హెప్సిబాను చూసి ఆయన గుర్తుపట్టలేకపోయాడు. గరిటె ఎటు చూపితే జనం అటు కదులుతున్నారు.

ఆమె ఆడబిడ్డ అన్నమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ తలెత్తింది. "ఏ ఊరు సార్ మీది?"

"భీమవరం అండీ" అన్నాడు మెల్లగా. చుట్టూ ఒక్క క్షణం కత్తులు ఆగాయి.

"అయితే కారం జర ఎక్కువేస్తం. కూసోండ్రి. వదినె, మీ సారొచ్చిండు, పప్పు మాడగొట్టకు, ఇంగ్లీషుల తిడతడు!"

అందరూ నవ్వారు. మాస్టారు కూర్చోలేదు. నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్లి చెంబు ముంచి ఎత్తాడు.

"అమ్మా, మనం లెక్కపెట్టేది చెంబుల్ని. నీళ్లని కాదు. గిన్నె లేకపోతే నిలవనిది ఏదైనా సరే, ఎంతున్నా దిస్, దట్. వేలితో ఒకటి, రెండు అనగలిగితే దీజ్, దోజ్."

హెప్సిబా బియ్యంలో చెయ్యి పెట్టింది. వేళ్ల సందుల్లోంచి జారిపోనిచ్చింది. "దిస్ రైస్" అంది. ఉల్లిగడ్డలు ముట్టుకుంది. "దీజ్ ఆనియన్స్." ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి వల్లా కాలేదు. "అన్నమ్మా, బ్రింగ్ దట్ సాల్ట్!" అని కేకేస్తే అన్నమ్మ నూనె తెచ్చింది. అయినా చెయ్యి ఆనినంతసేపే ఆ మాటలు. తినేటప్పుడు మాస్టారు ఊరికే ఏదో అడిగితే నోరు పెగల్లేదు. ఆయన మజ్జిగ పోసుకుంటూ ఆ సంగతి గమనించాడు.

ఇంటర్వ్యూ రోజు సరిగ్గా అదే జరిగింది. చల్లటి గది, నున్నటి బల్ల, దాని మీద ఆమెకు తెలిసిన వస్తువు ఒక్కటీ లేదు. స్టోరులో సరుకెలా ఉందని చక్రపాణి అడిగాడు. ఆమెకు ప్రశ్న అర్థమైంది, జవాబూ తెలుసు, మాట మాత్రం లేదు. ఆయన రెండోసారి అడిగి, చేతి గడియారం చూసుకున్నాడు. హెప్సిబా లేచి నిలబడింది.

"సర్... కమ్" అంది.

ఆయన విస్తుపోయి వెనకే నడిచాడు. స్టోరు తలుపు తీయగానే స్పిరిటు వాసన. ఆమె నేరుగా వెళ్లి ఒక డబ్బా మీద చెయ్యి వేసింది.

"దట్ స్పిరిట్ గుడ్. దిస్ స్పిరిట్ నో గుడ్. క్యాప్ లూజ్."

ఆయన తిప్పి చూశాడు. నిజమే, మూత వదులు.

"దీజ్ బాటిల్స్ ఓల్డ్, ఫస్ట్ యూజ్. దీజ్ ఫినాయిల్..." తప్పని ఆమె చెవికే తెలిసింది. ఆగలేదు. దూదిచుట్ట తీసి రెండుసార్లు ఎగరేసింది. "దిస్ కాటన్, టూ డేస్. ఓన్లీ టూ. టుడే బ్రింగ్."

ఆయన రిజిస్టరు చూశాడు. అందులో వారానికి సరిపోతుందని ఉంది. ఆమెను చూశాడు, దూదిని చూశాడు. ఏమీ తేల్చకుండానే ఫోన్ తీసి దూది తెప్పించమన్నాడు.

సమ్మెలో సరుకు కదలడం కష్టమైంది. దూది మూట మూడో రోజు పొద్దున ఆటోలో వచ్చింది. అప్పటికి స్టోరులోని దూది డబ్బాలో ఒక్క పోచ లేదు. చక్రపాణి స్వయంగా వచ్చి ఆ ఖాళీ డబ్బా బోర్లించి చూశాడు. తర్వాత గోడ మేకుకున్న స్టోరు తాళాలగుత్తి తీసి ఆమెకు అందించాడు.

సాయంత్రం ఆమె మాస్టారికి ఫోన్ చేసింది.

"ఏమన్నాడమ్మా?"

"ఏమనలే సార్. తాళాలిచ్చిండు." ఫినాయిల్ డబ్బా మీద చెయ్యి వేసి అడిగింది. "సార్, ఫినాయిల్ దిస్సే గద?"

"దిస్సే."

"గప్పుడు జర తప్పు పలికిన. బస్సులు నడిచినంక మీ క్లాసుకొస్త."

ఫోన్ పెట్టేసి హెప్సిబా, పొద్దున వార్డుకు ఇవ్వగా మిగిలిన దూది మూటను ముందుకు లాక్కుంది. ఒక్కో చుట్టనూ ఎగరేసి చూసి అరల్లో సర్దడం మొదలుపెట్టింది.