జీడిపప్పు బల్లల దగ్గర భూమి తిరిగిన రోజు

ప్రపంచాన్ని మార్చిన భావాలు మొత్తం వందేనని, అవన్నీ నూట అరవై పేజీల్లో పడతాయని నాకు గట్టి నమ్మకం ఉన్న కాలం అది. తొంభైల చివరి సంవత్సరాలు. టెక్కలిలో డిగ్రీ అయింది, ఉద్యోగం కాలేదు. పోటీ పరీక్షలు రాసేవాళ్లందరి చేతిలోనూ ఏదో ఒక గైడు ఉండేది. నాది కాశీబుగ్గ బస్టాండు పక్కన పాత పుస్తకాలు పరుచుకునే మనిషి దగ్గర కొన్నాను. దానికి అట్ట లేదు కాబట్టి రాసిందెవరో ఇప్పటికీ తెలియదు. (తెలిస్తే ఒక ఉత్తరం రాయాలని చాలాకాలం అనుకున్నాను. మెచ్చుకుంటూ కాదు.) సున్నా దగ్గర మొదలై ఓటు హక్కు దాకా ఒక్కో భావానికి ఒకటిన్నర పేజీ ఇచ్చాడాయన. ప్రతిదాని చివరా లాభాలు రెండు, లోపం ఒకటి. మనిషి వేల ఏళ్లుగా ఆలోచించిందంతా అంత తేలిగ్గా కంఠతా వచ్చేస్తుంటే, నేను జ్ఞానిని అవుతున్నానని నాకే అనిపించేది.

మా మేనత్త నన్ను పలాసలో తను పనిచేసే జీడి ఫ్యాక్టరీలో గుమస్తాగా పెట్టించింది. డబ్బాల మీద గ్రేడు, నంబరు రాయడం నా పని. పిక్కలు కొట్టే షెడ్డులో మాట వినపడదు. పొట్టు తీసే వరండా కాస్త నయం. గ్రేడింగు గది మాత్రం నిశ్శబ్దంగా ఉండేది. ఇరవై మంది ఆడవాళ్లు పొడుగాటి బల్లలకి రెండు వైపులా కూర్చుని, చెక్కుచెదరని నిండు పప్పుని గుండు కింద, రెండుగా విడిపోయిన దాన్ని బద్ద కింద, విరిగిన దాన్ని ముక్క కింద వేరుచేసేవారు. గుండు డబ్బాలో బద్దలు పడితే సరుకు వెనక్కి వస్తుంది. అలా పడకుండా చివరిసారి చూసే చోటు కిటికీ పక్క బల్ల. పదకొండేళ్లుగా అది మా అత్తది. ఆవిడకి అక్షరం రాదు. పళ్లెంలో అరచెయ్యి ఒకసారి పరిస్తే చాలు, బద్ద ఎక్కడుందో వేళ్లకి తెలిసిపోయేది. అంతకుముందు చాలా ఏళ్లు షెడ్డులో పిక్కలు కొట్టి, జీడి నూనెకి చేతులు నల్లబడి తోలు ఊడి, ఆ తర్వాత సంపాదించుకున్న చోటది.

చదవడం ఎలా మొదలైందంటే, డబ్బాలకి నంబర్లు వేస్తూ నేను గైడు వల్లెవేసుకునేవాణ్ణి. గదిలో అందరూ నవ్వులప్ప అని పిలిచే ఒకావిడ ఉండేది. ఒకరోజు ఆవిడ, "గుమస్తా బాబూ, ఆ గొణుగుడేటి? మంత్రాలేత్తన్నావేటని బయమేత్తంది. సదివితే గట్టిగా సదువు, నేకపోతే మానీ" అంది. గట్టిగా చదివాను. నా గొంతు నాకు బాగా నచ్చింది. (వాళ్లకి నచ్చిందో లేదో అడగాలని తోచలేదు.)

వారం తిరిగేసరికి వాళ్లు ప్రపంచ భావాలకి గ్రేడింగు మొదలుపెట్టారు. ఒకటిన్నర పేజీ అవగానే చేతులు ఆపకుండానే తీర్పు చెప్పేవారు. సున్నా విని నవ్వులప్ప, "ఏటీ నేదని సెప్పడానికి కూడా ఓ గుర్తెట్టినారంటే ఆడెవుడో మాలాటోడే. గుండు" అంది. మనిషి కోతిజాతి నుంచి వచ్చాడన్నది బద్దలో పడింది, "మా ఆడపడుసు ఇంకా రానేదు" అని ఆవిడే కారణం చెప్పింది. అచ్చు యంత్రం తప్పకుండా గుండు అవుతుందనుకున్నాను. మా అత్త ఒప్పుకోలేదు. "అందరికీ ఒకే మాట అందడం మంచిదేరా అల్లుడా. కానీ సదువొచ్చినోల్లకే కదా అందినాది. సగమే. బద్దలో ఎయ్యి" అంది. రోజుకి ఎనిమిది గంటల పని అన్న భావం మాత్రం ఇరవై మంది చేతా ఒక్కసారే గుండు అనిపించుకుంది. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ యజమాని, షావుకారు గుమ్మంలోకి వచ్చాడు. నేను వాక్యం మధ్యలోంచి మళ్లీ సున్నా పేజీలోకి వెళ్లిపోయాను. నేను పెద్దయ్యాక ఎలాంటి విప్లవకారుణ్ణి అవుతానో ఆవేళే తేలిపోయింది.

తర్వాత భూమి తిరుగుతుందన్న పేజీ వచ్చింది. సూర్యుడు కాదు, భూమే తిరుగుతోందని ఒక పెద్దాయన రాశాడు. మతపెద్దలు విచారణకి పిలిచారు. డెబ్బై ఏళ్ల మనిషి మోకాళ్ల మీద కూర్చుని, నేను చెప్పింది తప్పు అని ఒప్పుకున్నాడు. చచ్చేదాకా ఇల్లు దాటి బయటికి పోనివ్వలేదు. లాభాలు రెండు, లోపం ఒకటి చదివి తలెత్తాను. నవ్వులప్ప, "ఏ గ్రేడు?" అని మా అత్తకేసి చూసింది. అత్త చెయ్యి పళ్లెంలో ఆగి ఉంది. భోజనాల గంట కొట్టారు.

పది పన్నెండు రోజులకి ఇచ్ఛాపురం అవతల బరంపురం వ్యాపారి దగ్గర్నుంచి ఒక డబ్బా వెనక్కి వచ్చింది. గుండు అని నా చేత్తో రాసిన డబ్బాలో, పైన రెండు దోసిళ్లు తీసేస్తే, లోపలంతా బద్దలు కలిసి ఉన్నాయి. షావుకారు దాన్ని తెచ్చి మా అత్త బల్ల మీద బోర్లించాడు. కేకలేసే మనిషి కాదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

"ఇది నీ సెయ్యి దాటెల్లిన డబ్బా. ఈ గది బడైపోనాది, నాను సూత్తనే ఉన్నాను. రేపట్నుంచి పుస్తకం ఆపీండి. నువ్వు వరండాలోకెల్లి పొట్టు తియ్యి. ఈ బల్ల ఇంకొకరికిత్తాను" అన్నాడు.

తప్పు నాదని చెప్పాలని లేచాను. లేచానన్నది నిజం. నోరు తెరిస్తే, "అయ్యా, శ్రవణం వల్ల ఏకాగ్రత..." అని గైడు భాష వచ్చింది. షావుకారు నాకేసి జాలిగా చూశాడు. మా అత్త నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడ నెపం అల్లుడి మీద పెట్టి తప్పించుకోవచ్చు. చదివింది నేను, గది మొత్తం సాక్ష్యం. ఆవిడ ఆ మాట ఎత్తలేదు.

"సావుకారుబాబూ, సదువు ఇంటే సెయ్యి తప్పుతాదంతన్నారు కదా. ఓ పల్లెం నాకెయ్యండి. ఓ పల్లెం మీరేసుకోండి. మీ నాన్నగారి దగ్గర మీరూ ఏరినోరే. ఈడు సదువుతాడు. ఎవుల సెయ్యి తప్పుతాదో సూద్దాం. నాది తప్పితే వరండాకి నానే పోతాను."

తండ్రి పేరు ఎత్తేసరికి ఆయనకి వెనక్కి తగ్గడానికి దారి లేకపోయింది. చొక్కా చేతులు మడిచి ఎదురుగా కూర్చున్నాడు. "ఏది చదవమంటావత్తా?" అన్నాను. "ఆ ముసలాయనదే" అంది.

చదివాను. ఒక పంక్తి రెండుసార్లు చదివాను. అత్త తల దించుకుని చేతులు ఆడిస్తోంది. సగం పేజీ అయ్యేసరికి షావుకారు చేతులు నెమ్మదించాయి. "ఒక్క నిమిషం ఆగు. అంటే మన ఫ్యాక్టరీ కూడా తిరుగుతోందంటావా?" అన్నాడు.

"తిరుగుతోందండి."

"బాయిలరుతో సహా?"

"అన్నిటితో సహా అండి."

కాసేపు నేలకేసి చూశాడు. "ఇది ఎప్పటి సంగతి?"

"నాలుగొందల ఏళ్లు దగ్గర పడుతోందండి."

"మరి నాకెవులూ సెప్పనేదేటి?" అన్నాడు. చిన్నప్పుడు బడిలో చెప్పే ఉంటారు, అప్పుడు ఆయన బల్ల దగ్గర పప్పు ఏరుతూ ఉండి ఉంటాడు. నవ్వులప్ప పైట చెంగు నోట్లో కుక్కుకుంది. పేజీ అయింది. అత్త గుండు కుప్పలో ఒక్క బద్ద లేదు. షావుకారు కుప్పలో నాలుగున్నాయి. ఆయన వాటిని తనే ఏరి పక్కన పెట్టి, "బల్ల నీదే" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "పొట్టు తీసినప్పుడు సదువుకోండి, ఏరినప్పుడు వద్దు" అన్నాడు. ఆ తర్వాత నేను వరండాలో చదివే వేళకి ఆయనకి అక్కడేదో పని పడుతూ ఉండేది.

ఆ సాయంత్రం వజ్రపుకొత్తూరు బస్సులో అత్త పక్కన కూర్చున్నాను. గెలిచామన్న సంతోషంలో ఏదో మాట్లాడుతూనే ఉన్నాను. కొబ్బరితోటలు మొదలయ్యాక ఆవిడ, "ఆ డబ్బా నాదేరా అల్లుడా. నా సెయ్యే తప్పినాది" అంది.

"మరి ఇవాళ ఒక్కటీ తప్పలేదే?"

"ఇయ్యాల నాను ఇననేదు. నీ గొంతుని గాలిసప్పుడనుకున్నాను. ఆవేళ ఇన్నాను. అంత తెలిసినోడు, ఆ వయసులో మోకాల్ల మీద కూకుని అబద్దం సెప్పి ఇంటికెల్లుంతాడు. ఆ పూట ఆడికి కూడెవులు ఎట్టుంతారో అనుకుంతే సెయ్యి ఆగిపోనాది. ఇంట్లో ఎవులున్నారు ఆడికి?"

"అది సిలబస్‌లో లేదత్తా" అన్నాను.

మా ఊరొచ్చేదాకా ముఖం ముడుచుకునే కూర్చున్నాను. అంత బాగా చదివితే అత్త వినలేదట. పదకొండేళ్ల చోటుని ఒక పళ్లెం మీద పందెం పెట్టి, నా చదువు సాగడానికి తన చెవులు మూసుకుందని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ పరీక్ష పోయింది. తర్వాత వేరే ఉద్యోగం వచ్చింది, గైడు కాని పుస్తకాలు చదివాను. వాటిలో ఒకదాంట్లో, ఆ పెద్దాయనకి ఒక కూతురు ఉండేదని, తండ్రి తిండీ మందూ కనుక్కుంటూ ఉత్తరాలు రాసేదని ఉంది. అప్పటికి అత్త బల్ల దగ్గర లేదు. మా వైపు చాలామందిలాగే కిడ్నీలు పాడై డయాలసిస్‌కి పలాస వెళ్లివస్తోంది. మంచం పక్కన కూర్చుని ఆ సంగతి చెప్పాను. ఏ ముసలాయనో ఆవిడ అడగలేదు.

"కూతురుందా?" అంది. "అయితే పర్లేదు."

కళ్లు మూసుకుంది, ముఖం తేలికపడింది. నిరుటి వానల్లో పోయింది. విచారణ నుంచి ఆ పెద్దాయన ఇల్లు చేరిన కొద్ది నెలలకే ఆ కూతురు చనిపోయిందని కూడా ఆ పుస్తకంలో ఉంది. నేను చెప్పలేదు. బస్సులో ఆవిడ పక్కన ముఖం ముడుచుకుని కూర్చున్న ఆ కుర్రాడైతే అదీ చెప్పేసేవాడు, తేదీతో సహా.