మిట్టమధ్యాహ్నం వేడినీళ్లు

ఈ రోజు ఎండ గట్టిగా కాసింది. కార్ఖానా బస్తీలో నేను పనిచేసే ఆడపిల్లల హాస్టల్ మేడ మీద పొద్దుటి నుంచి ట్యాంకులు కడిగి నింపాను. నెల కిందట అక్కడ గీజర్లు తీసేసి, గాలిలోని వేడితో పనిచేసే హీట్ పంపు పెట్టారు. సోలార్ కరెంటు మిగిలే మధ్యాహ్నం పూట అది దానంతటదే నడిచి, మర్నాటి స్నానాలకు నీళ్లు కాచిపెడుతుంది. అయినా మూడు రోజులుగా పిల్లలకు చన్నీళ్లే.

పన్నెండింటికి కారణం తెలిసింది. ఇరవై ఏళ్లు తెల్లవారుజామున గీజర్లు వేసిన యాదగిరన్న మేడెక్కి వచ్చి దాని స్విచ్ ఆపేశాడు.

“ఎందుకాపినవ్ అన్నా?”

“ట్యాంకు నిండే ఉంది, పంపు ఊకె నడుస్తుంది. గీ ఎండల వేడినీళ్లు ఎవలు పోసుకుంటరు?”

“అది నీళ్లెక్కించే పంపు కాదన్నా.”

“మరి పంపని ఎందుకన్నరు?”

పంపని ఎందుకన్నారో మీకు తెలిస్తే చెప్పండి.

మెట్ల మీద నిలబడ్డ వార్డెన్ అంతా విన్నది. “రేపటి నుంచి రావద్దులే యాదగిరీ. దానికి మనిషి అక్కర్లేదట” అంది.

నేను స్విచ్ వేశాను. యాదగిరన్న మేడ తాళాలు నా చేతికిచ్చి ఒంటిగంటకు వెళ్లిపోయాడు.