తవ్వతో కొలిచిన తూటా

బచ్చన్నపేటలో మా జొన్నచేలో మంచె ఎక్కి ఒడిసెలతో పిట్టలను తోలినవాణ్ని నేను. చదువు మూడో తరగతితో ఆగింది. మిగిలినదంతా పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. అందుకే మొన్న జనగామ కాలేజీ నుంచి వచ్చిన మనవరాలి మాట విని ఒళ్లు మండింది.

మర్నాడు ఆమె తరగతిలో తూటాల గురించి చెప్పాలి. తప్పు చెబితే మార్కులు పోతాయి. "ఊరోళ్లకు గివన్ని ఎట్ల తెలుస్తయి?" అని వాళ్ల సారు ముందే నవ్వాడట.

"ఏందే గది, నాకు తెల్వనిది?"

"బాలిస్టిక్ గుణకం తాతా. తూటా గాలిని ఎంత బాగ చీల్చుకపోతదో చెప్పే అంకె. ఎక్కువుంటే మంచిది."

ఈ పేరు మాకు తెలియదు గాని సంగతి తెలుసు. చెరువు మట్టితో ఉండలు చేసి, ఆరబెట్టి, ఒడిసెలలో పెట్టి విసిరేవాళ్లం. అంతే మట్టిని బిళ్లలా చేస్తే గాలికి ఆగి మధ్యలోనే పడేది. ఉండంతే ఉన్న ఎండు పేడముద్ద విసిరినా అంతే, బరువు లేక వేగం చచ్చేది. బరువుండాలి, గాలికి తగిలే ముఖం చిన్నగా ఉండాలి, ఒళ్లు నున్నగా ఉండాలి. అదే ఆమెకు చెప్పాను.

"గింతేనా!" అంటూ కాగితం తీసింది. "ఈ తూటాకు అర, ఆ తూటాకు పావు. మొదటిది రెండింతలు మంచిదని రాసిన."

"దేనితోని కొలిచిండ్రు?"

వెతికి చూసింది. ప్రతి తూటానూ ఒక నమూనా తూటాతో పోల్చి అంకె వేస్తారట. మొదటిదానికి మొండి అడుగున్న పాత నమూనా, రెండోదానికి తోక సన్నబడ్డ కొత్త నమూనా.

గింజలు కొలిచే తవ్వ, దానికి రెండింతలు పట్టే మానిక తెమ్మని మా ఇంటావిడను కేకేశాను.

"జొన్నలు కింద పోస్తే ఊకోను," అంటూనే తెచ్చింది.

ఒకే కుప్పను రెండుసార్లు కొలిచాను. తవ్వతో నాలుగు, మానికతో రెండు.

"నాలుగైనయని జొన్నలు పెరిగినయా?"

మనవరాలు పకపకా నవ్వింది. "అయ్యో, నేను తవ్వ లెక్కను మానిక లెక్క పక్కన పెట్టిన!" రెండు తూటాలకూ ఒకే నమూనాతో వేసిన అంకెలు వెతికితే దాదాపు సమానంగా తేలాయి. రాసింది కొట్టేసి మళ్లీ రాసుకుంది. పొద్దున్నే తవ్వనూ మానికనూ సంచిలో వేసుకుని బస్సెక్కింది.

మధ్యాహ్నం ఫోన్ చేసింది. "మార్కులు పడ్డయి తాతా! సారు నవ్వలే. తవ్వ, మానిక బల్ల మీదనే పెట్టుకున్నడు. వేరే క్లాసోళ్లకు చూపిస్తడట."

పొయ్యి దగ్గర నుంచి మా ఇంటావిడ అరిచింది. "మరి నేను బియ్యం దేనితోని కొల్వాలె? మీ సారునే తెచ్చి ఇయ్యమను!"

"రమ్మను," అన్నాను నేను. "ఒడిసెల గూడ చూపిస్త."